ఐపీ నోటీసు వచ్చిందని ప్రోనోటు చించెయ్యకండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మిర్చి అమ్మగా వచ్చిన డబ్బులో 6 లక్షలు మా నాన్న ఊళ్ళోనే ఉండే ఒక కమీషన్ వ్యాపారికి ప్రోనోటు మీద ఇచ్చారు. నోటు రాసి రెండేళ్ళ పది నెలలైంది. వడ్డీ కొన్నాళ్ళు చేతికిచ్చాడు గానీ నోటు వెనక చెల్లు రాయలేదు. ఒక ఖాళీ చెక్కు కూడా సంతకం పెట్టి ఇచ్చాడు. పోయిన వారం కోర్టు నుంచి నోటీసొచ్చింది, ఆయన ఐపీ (దివాలా పిటిషన్) వేశాడట, లిస్టులో మా నాన్న పేరుతో పాటు నలభైమంది దాకా ఉన్నారు. ఇల్లు ఏడాదిన్నర కిందటే భార్య పేర రాసేశాడు. రెండు నెలల కింద బావమరిది బాకీ మాత్రం మొత్తం తీర్చేశాడని ఊళ్ళో అంటున్నారు. నోటు మీద సాక్షి సంతకం కూడా ఆ బావమరిదిదే. ఐపీ పెడితే ఇంకేం రాదు, వకీలుకి డబ్బులు దండగ అంటున్నారు పెద్దమనుషులు, రూపాయికి పావలా ఇప్పిస్తాం సర్దుకోండి అంటున్నారు. నేను డిగ్రీ చదివాను, ఈ దివాలా చట్టం ఏంటో నేనే చదివి తెలుసుకోవాలనుంది, కానీ నెట్‌లో వెతికితే అన్నీ పెద్ద కంపెనీల గురించే వస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో సంగతి, ఆయన ఇప్పుడు కొడుకు పేరుతో మళ్ళీ కొట్టు తెరిచాడు, దాని మీదకి వెళ్ళొచ్చా?

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందు కంగారు పెట్టింది ఐపీ కాదు, "రెండేళ్ళ పది నెలలు" అన్న ముక్క. ప్రోనోటు మీద దావా వెయ్యడానికి గడువు మూడేళ్ళు, చెల్లు లేదు కాబట్టి నోటు తేదీ నుంచే లెక్క, అంటే మీ చేతిలో ఉన్నది రెండు నెలలు. ఎదుటివాడు ఐపీ వేశాడు కదా, కోర్టులోనే ఉంది కదా, మన గడువు ఆగిపోయి ఉంటుందిలే అని చాలామంది అనుకుంటారు, ఆగదు. ఐపీ పిటిషన్ వెయ్యడంతోటే ఏదీ ఆగదు. కోర్టు విచారించి ఆయన్ని దివాలాదారుగా ప్రకటిస్తే ఆ ఉత్తర్వు వచ్చాక కొత్త దావా వెయ్యడానికి ఆ కోర్టు అనుమతి తీసుకోవాలి, అంతే, అప్పటిదాకా మీ దారికి అడ్డమేం లేదు. మన వైపు చాలా ఐపీల్లో జరిగే తంతు ఏంటంటే పిటిషన్ వేస్తారు, నోటీసులు పంపిస్తారు, వాయిదాల మీద వాయిదాలు నడుస్తాయి, అప్పులిచ్చినవాళ్ళు భయపడో విసుగొచ్చో ఇళ్ళల్లో కూర్చుంటారు, ఈలోపు వాళ్ళ నోట్లన్నీ ఒక్కొక్కటే కాలదోషం పట్టిపోతాయి, ఆ తర్వాత పిటిషన్ డిస్మిస్ అయినా ఆయనకి నష్టమేమీ లేదు, పని అయిపోయింది కాబట్టి. అందుకని ఈ వారంలోనే నోటు పట్టుకుని సివిల్ వకీలు దగ్గరకి వెళ్ళండి, డబ్బు రాబట్టడానికి దావా వేయించండి. ఐపీ లిస్టులో మీ అప్పు ఆయనే రాసుకుని సంతకం పెట్టాడు కాబట్టి అది లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద అప్పు ఒప్పుకున్నట్టే అని వాదించే అవకాశం ఉంది, కానీ చేతిలో గడువుండగా ఆ వాదన మీద ఆధారపడటం ఎందుకు?

ఇంక అసలు చట్టం సంగతి. నెట్‌లో మీకు కనిపిస్తున్నదంతా 2016లో వచ్చిన ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ కోడ్, ఐబీసీ అంటారు. అది ప్రధానంగా కంపెనీలకి. ఎన్‌సీఎల్‌టీ అనే ట్రైబ్యునల్ దగ్గర నడుస్తుంది, ఎగవేత కనీసం కోటి రూపాయలుండాలి (మొదట్లో లక్షే, 2020 మార్చి 24న పెంచారు), 180 రోజుల్లో తేల్చాలి, ఇంకో 90 పొడిగించొచ్చు, కోర్టు గొడవలతో కలిపి 330 అని రాసుకున్నారు, రాసుకున్నంత బాగా నడవట్లేదనుకోండి. ఈ కోడ్ కింద దేశంలో మొట్టమొదట ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళిక మన విశాఖపట్నంలో కారు చక్రాలు తయారుచేసే సినర్జీస్ డూరే కంపెనీదే, 2017 ఆగస్టులో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ ఓకే చేసింది, అప్పులిచ్చినవాళ్ళకి దక్కింది మాత్రం రావాల్సినదాంట్లో చాలా కొంచెం. లాంకో ఇన్‌ఫ్రాటెక్ కూడా అదే హైదరాబాద్ బెంచికి వెళ్ళింది, కొనేవాళ్ళు కుదరక 2018లో లిక్విడేషన్‌లోకి, అంటే మూసేసి ఆస్తులు అమ్మెయ్యడంలోకి, పోయింది. ఇవన్నీ చదవడానికి బాగుంటాయి, మీ కేసుకి మాత్రం పనికిరావు.

ఎందుకంటే మీ వ్యాపారి కంపెనీ కాదు, ఒక మనిషి. మనుషుల దివాలా గురించి ఐబీసీలో మూడో భాగం అని ఒకటి రాశారు గానీ దాన్ని ఒక్క రకం వాళ్ళకే అమల్లోకి తెచ్చారు, కంపెనీల అప్పులకి సొంతంగా గ్యారంటీ ఇచ్చిన ప్రమోటర్లకి, అది 2019 డిసెంబర్ 1 నుంచి. సుప్రీంకోర్టు 2021 మే 21న అది చెల్లుతుందని కూడా చెప్పేసింది. మిగతా మామూలు జనానికి, అంటే కిరాణా కొట్టాయనకి, ఎరువుల డీలర్‌కి, చీటీలు వేసి మునిగినాయనకి, ఇప్పటికీ నడుస్తున్నది బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి 1920 ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. దీన్ని రద్దు చేస్తాం అని ఐబీసీ 243వ సెక్షన్‌లో రాశారు, ఆ సెక్షన్‌ని అమల్లోకి తేలేదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకి మాత్రం 1909 నాటి వేరే చట్టం ఉంది. ఎంత పాతదో చెప్పాలంటే ఈ 1920 చట్టంలో ఐపీ వెయ్యడానికి ఉండాల్సిన కనీస అప్పు 500 రూపాయలు, ఇవాళ్టికీ అంతే, అప్పట్లో అది ఎకరాల విలువ, ఇప్పుడు ఒక కుటుంబం హోటల్లో టిఫిన్ తింటే అయిపోయే డబ్బు.

సరే, ఈ చట్టం చేసే పని ఏంటి? రెండు పనులు ఒకేసారి చేస్తుంది. నిజంగా మునిగిపోయినవాణ్ణి నలభైమంది నలభై వైపుల నుంచి పీక్కుతినకుండా కాపాడుతుంది. దానికి బదులుగా ఆయన ఆస్తంతా తీసి కోర్టు చేతిలో, కోర్టు పెట్టిన రిసీవర్ చేతిలో పెట్టి, అందరికీ వాటాల ప్రకారం పంచుతుంది. మన ఊళ్ళల్లో మొదటి సగం అందరికీ తెలుసు, ఐపీ పెడితే బాకీలు ఎగ్గొట్టొచ్చు అని, రెండో సగం ఎవరూ చెప్పరు. దివాలాదారు అని ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి ఆయన ఆస్తి ఆయనది కాదు, రిసీవర్‌ది, పైగా పిటిషన్ వేసిన తేదీ నుంచే అలా అయినట్టు లెక్క. వంటపాత్రలు, బట్టలు, పనిముట్లు, జీతంలో కొంత భాగం, పీఎఫ్ లాంటివి, అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తు చెయ్యకూడనివి మాత్రం మినహాయింపు. బ్యాంకుకి ఆస్తి తాకట్టు పెట్టి ఉంటే ఆ బ్యాంకు దాని తాకట్టు మీద తను వెళ్ళొచ్చు, దాన్ని ఐపీ ఆపదు, కాబట్టి ఆయన ఆస్తిలో ఎంత తాకట్టులో ఉందో ముందు తెలుసుకోవాలి మీరు, పంచుకోవడానికి మిగిలేది అది పోగా ఉన్నదే.

ఇప్పుడు నోటీసులో ఉన్న వాయిదా తేదీకి మీ నాన్నగారు వకీలు ద్వారా హాజరవ్వాలి, వకాలతు వేయించాలి, కౌంటర్, అంటే ఆయన పిటిషన్‌కి మీ జవాబు, వేయించాలి. వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ అయిపోతారు, ఆయన చెప్పిందే కోర్టు ముందుంటుంది. ఆ కౌంటర్‌లో ఏం రాయాలన్న దగ్గర చాలామంది దారి తప్పుతారు. వీడు మోసగాడు, ఇల్లు పెళ్ళాం పేర రాశాడు, బంగారం దాచాడు అని పేజీలకి పేజీలు రాస్తారు. ఈ మొదటి దశలో కోర్టు ముఖ్యంగా చూసేది ఒకటే, ఈయన అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్నాడా లేదా. అది కూడా 24వ సెక్షన్ ప్రకారం ఆయన గట్టిగా రుజువు చెయ్యక్కర్లేదు, పైపైకి నమ్మేలా కనిపిస్తే చాలు. కాబట్టి మీరు చూపించాల్సింది మోసం కంటే ముందు లెక్క. ఆయన చూపించిన అప్పులు ఇంత, నిజంగా ఉన్న ఆస్తుల విలువ ఇంత, తీర్చగలడు అని. లిస్టులో ఉన్న నలభైమందిలో బంధువులెంతమంది, వాళ్ళ నోట్లు ఎప్పుడు రాసినవి, అప్పులు పెంచి చూపించడానికి దొంగ బాకీలు పెట్టాడా అన్నది కూడా ఇక్కడే అడగాలి. అదే 24వ సెక్షన్‌లో ఒక మంచి హక్కు ఉంది, విచారణ రోజు కోర్టు ఆయన్ని ఆయన నడవడి గురించి, లావాదేవీల గురించి, ఆస్తి గురించి ప్రశ్నించాలి, అదీ వచ్చిన అప్పులవాళ్ళ ఎదుటే, వాళ్ళకీ ప్రశ్నలడిగే హక్కుంది. నలభైమంది అప్పులవాళ్ళున్న కేసులో ఆ రోజు ఇద్దరే వస్తే ఎలా ఉంటుందో పదిహేనుమంది వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మిగతావాళ్ళతో మాట్లాడి అందరూ కలిసి ఒకే వకీల్ని పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది.

లెక్క తీయడానికి మీరే చెయ్యగలిగిన పని చాలా ఉంది. ఆయన పేరు మీద, భార్య పేరు మీద ఉన్న ఆస్తులకి ఈసీ (వాటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ దొరుకుతుంది. పొలాలకి మీభూమిలో వన్ బీ, అడంగల్ చూడండి (తెలంగాణ పాఠకులు ధరణి బదులు ఇప్పుడొచ్చిన భూభారతి చూసుకోవాలి). గిఫ్ట్ దస్తావేజు నకలు తీసి పెట్టుకోండి, అందులో తేదీ మీకు బంగారం.

ఎందుకు బంగారం అంటే 53వ సెక్షన్. ఐపీ పిటిషన్ వేసిన తేదీకి ముందు రెండేళ్ళ లోపల ఆయన ఎవరికైనా ఆస్తి రాసిచ్చి ఉంటే, ఆ తర్వాత ఆ పిటిషన్ మీద దివాలాదారుగా ప్రకటన వస్తే, ఆ రాతకోతల్ని కోర్టు కొట్టేయొచ్చు. నిజాయితీగా డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళకీ, పెళ్ళి కోసం పెళ్ళికి ముందు రాసినవాటికీ మాత్రం ఇది తగలదు. భార్యకి ఏడాదిన్నర కింద ఊరికే గిఫ్ట్ రాశాడంటే నిక్షేపంగా ఆ రెండేళ్ళ లోపలే ఉంది. అలాగే 54వ సెక్షన్, పిటిషన్‌కి ముందు మూడు నెలల లోపల, అప్పటికే అందరికీ తీర్చలేని స్థితిలో ఉండి, ఒక్కడికి మేలు చెయ్యాలనే ఉద్దేశంతో వాడి బాకీ తీర్చేస్తే అది చెల్లదు, ఆ డబ్బు వెనక్కి రావాలి. బావమరిదికి కట్టింది ఇదే అవ్వొచ్చు, బ్యాంకు ద్వారా కట్టాడా చేతికిచ్చాడా, ఏ తేదీన అన్నది పట్టుకోవాలి. మామూలుగా ఈ రెండు రకాల పిటిషన్లూ రిసీవర్ వెయ్యాలి. రిసీవర్ కదలకపోతే కోర్టు అనుమతితో అప్పిచ్చినవాళ్ళే వేసుకోవచ్చు, 54ఏ సెక్షన్. అఫీషియల్ రిసీవర్లకి బోలెడు ఫైళ్ళుంటాయి, మీరు వెంటపడకపోతే మీ ఫైలు అడుగునే ఉంటుంది, ఇది మాత్రం నిజం.

ఇక్కడ ఒక తిరకాసు గమనించారా? ఐపీ కొట్టేయించాలా, లేక ఐపీ ఒప్పేసుకుని రిసీవర్ ద్వారా ఆ ఇల్లు వెనక్కి తెప్పించాలా అన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. పిటిషన్ డిస్మిస్ అయితే 53, 54 సెక్షన్లు మీకు దొరకవు, అప్పుడు ఆ గిఫ్ట్ మీద ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద వేరే కొట్లాడాలి, రెండు చట్టాల్లోనూ 53 అన్న అంకె ఒకటే కావడం యాదృచ్ఛికం, కంగారు పడకండి. ఆయన పేరు మీద ఇంకా ఆస్తి బాగా ఉంటే డిస్మిస్ చేయించి మీ దావాలో డిక్రీ తెచ్చుకుని దాన్ని అమలు చెయ్యమని ఈపీ వెయ్యడం మేలు. అంతా భార్య పేరు మీదకే పోయి ఆయన చేతులు ఖాళీగా ఉంటే ఐపీ నడిచి రిసీవర్ రావడమే మీకు మంచిది కావచ్చు. ఆయన మధ్యలో చల్లగా వదిలేద్దామన్నా కోర్టు అనుమతి లేకుండా పిటిషన్ ఉపసంహరించుకోలేడు, శ్రద్ధగా నడపకపోతే ఆయన స్థానంలో అప్పిచ్చినవాడిని పిటిషనర్‌గా పెట్టమని 16వ సెక్షన్ కింద అడగొచ్చు. అసలు అప్పిచ్చినవాళ్ళే ఎదుటివాడి మీద ఐపీ వెయ్యొచ్చన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలీదు, ఊళ్ళో నుంచి పారిపోయినా, ఆస్తి దొంగచాటుగా మార్చినా, ఇక బాకీలు కట్టలేనని నోటీసిచ్చినా మూడు నెలల లోపల 9వ సెక్షన్ కింద వెయ్యొచ్చు.

దివాలాదారుగా ప్రకటించాక అప్పు ఉందని మీరు రుజువు పెట్టుకోవాలి, 49వ సెక్షన్ ప్రకారం అఫిడవిట్ రాసి ఇస్తే లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపితే సరిపోతుంది, నోటు కాపీ జత చెయ్యాలి, ఒరిజినల్ మాత్రం అడిగినప్పుడు కోర్టులో చూపించాలే తప్ప ఎవరి చేతికీ ఇవ్వకండి. లిస్టులో మన పేరుంది కదా అని ఊరుకున్నవాళ్ళకి పంపకంలో ఏమీ రాదు. ఆ తర్వాత ఆయన విడుదల కోసం, అంటే డిశ్చార్జ్ కోసం అడగాలి, గడువు కోర్టే పెడుతుంది, అడగకపోతే ప్రకటనే రద్దవుతుంది. మోసం గురించి మీ దగ్గరున్న ఆధారాలన్నీ గట్టిగా పని చేసేది ఈ డిశ్చార్జ్ దగ్గరే. ఆస్తులు బాకీల్లో రూపాయికి ఎనిమిదణాలకి కూడా సరిపోకపోవడం, లెక్క పుస్తకాలు సరిగ్గా రాయకపోవడం, మునిగానని తెలిసీ వ్యాపారం కొనసాగించడం, జూదం లాంటి స్పెక్యులేషన్, దుబారా, ఇలాంటివి రుజువైతే పూర్తి డిశ్చార్జ్ ఇవ్వకూడదని 42వ సెక్షన్ చెప్తుంది. ఆస్తి దాచడం, పుస్తకాలు మాయం చెయ్యడం లాంటివైతే 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు కూడా ఉంది. డిశ్చార్జ్ వచ్చినా మోసం చేసి తీసుకున్న అప్పు, ప్రభుత్వ బాకీ పోవు, హామీ పడ్డవాడి బాధ్యత కూడా పోదు.

హామీ అన్నాను కాబట్టి బావమరిది సంగతి. సాక్షి సంతకం పెట్టినవాడు అప్పుకి బాధ్యుడు కాడు, ఆయన సంతకం చూశానని చెప్పేవాడు మాత్రమే. నోటు మీద "హామీ" అనో "ఇద్దరం కలిసి తీరుస్తాం" అనో ఆయన చేత రాయించి ఉంటే వేరే మాట. ఇప్పుడు వెళ్ళి ఆ మాట చేర్పించాలని చూడకండి, ఉన్న నోటు కూడా పాడవుతుంది.

ఖాళీ చెక్కు గురించి. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కాబట్టి ఐపీ వేశాడని అది ఆగదు. కానీ తేదీల దగ్గర చాలా కచ్చితంగా ఉండాలి, చెక్కు మీదున్న తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వెయ్యాలి, బౌన్స్ అయిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసివ్వాలి, అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో కంప్లైంట్ వెయ్యాలి. అంకె నింపే ముందు వకీలుతో మాట్లాడండి, నిజంగా రావాల్సిన దానికంటే పైసా ఎక్కువ రాసినా రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ నాన్నగారే ఇబ్బంది పడతారు.

పెద్దమనుషుల పావలా గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఇప్పుడే ఒప్పుకోవద్దు. రాజీ చెడ్డదని కాదు, చట్టంలోనే రాజీ పద్ధతి ఉంది, రుజువైన అప్పులవాళ్ళలో తలల లెక్కన సగం కంటే ఎక్కువ మంది, డబ్బు లెక్కన నాలుగింట మూడు వంతులవాళ్ళు ఒప్పుకుంటే కోర్టు పరిశీలించి ఆమోదిస్తుంది, అప్పుడు అందరికీ ఒకటే వాటా. బయట రాజీలో మాత్రం గట్టిగా అరిచినవాడికి ఎనిమిదణాలు, మెత్తగా ఉన్నవాడికి పావలా, దూరంగా ఉన్నవాడికి వాయిదాలు. ఈసీలు చేతికొచ్చి, దావా నంబర్ పడ్డాక కూర్చోండి, ఆ రోజు మాట్లాడే ధోరణే వేరేగా ఉంటుంది.

ఇంక చదువుకోవడం. మొదట ఇండియా కోడ్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌కి వెళ్ళి 1920 చట్టం ఇంగ్లీషు పాఠం డౌన్‌లోడ్ చేసుకోండి, ఉచితం. 80 పైచిలుకు సెక్షన్లే, కానీ మొదటి నుంచి వరసగా చదివితే నిద్రొస్తుంది. 10, 24, 28 చదవండి ముందు, తర్వాత 33, 49, ఆ తర్వాత 53, 54, 54ఏ, చివర్లో 41 నుంచి 44 దాకా. ఒక్కో సెక్షన్ చదివాక ఇది మా నాన్న కేసులో ఎక్కడ తగులుతుంది అని పక్కన రాసుకోండి, అది చాలు. అప్పీలు గడువు కోసం 75 చూడండి, సీనియర్ సివిల్ జడ్జి ఉత్తర్వు మీద జిల్లా కోర్టుకి 30 రోజులే.

మీ కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఈకోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు, నోటీసు మీదున్న ఐపీ నంబర్, సంవత్సరం కొడితే వస్తుంది. ఆ వ్యాపారి పేరుతో కూడా వెతకండి, ఇంకెవరైనా దావాలు వేశారా, డిక్రీలున్నాయా, ఆస్తి జప్తులో ఉందా తెలుస్తుంది, ఎందుకంటే ఐపీ పిటిషన్ అడ్మిట్ అయ్యేలోపు వేలం పూర్తయి డబ్బు చేతికొచ్చినవాడికి ఒక దారి, కానివాడికి ఇంకో దారి, 51వ సెక్షన్.

తీర్పుల కోసం ఇండియన్ కానూన్ సైట్ బాగుంటుంది, సుప్రీంకోర్టు తీర్పులకి 2023లో మొదలైన ఈ-ఎస్‌సీఆర్ కూడా ఉచితమే. చట్టం పేరు ఇంగ్లీషులో కొటేషన్ మార్కుల్లో పెట్టి పక్కన సెక్షన్ నంబర్ కొట్టండి, ఊరికే బ్యాంక్రప్టసీ అని కొడితే మళ్ళీ కంపెనీల కేసులూ, అమెరికా చాప్టర్ 7, చాప్టర్ 11 వీడియోలూ వచ్చిపడతాయి, అక్కడి చట్టం వేరు, దానితో ఇక్కడ ఏమీ చెయ్యలేరు. పాత మద్రాసు హైకోర్టు తీర్పులు కనిపిస్తే వదిలెయ్యకండి, 1953 దాకా కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి అవి మన కోర్టుల్లో ఇప్పటికీ చూపిస్తారు. ఏఐఆర్ 1966 సుప్రీంకోర్టు 918 అని ఒకటుంది, మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే, దివాలా చర్య ఒకసారి జరిగాక తర్వాత కొందరికి బాకీ కట్టేసి దాన్ని చెరిపేసుకోలేడని చెప్పిన తీర్పు, దాంతో మొదలుపెట్టొచ్చు. బార్ అసోసియేషన్ లైబ్రరీలో ఏఎల్‌టీ, ఏఎల్‌డీ అనే తీర్పుల సంపుటాలుంటాయి, మీ వకీలుతో పాటు వెళ్తే చూడనిస్తారు, దివాలా మీద ముల్లా రాసిన లావుపాటి పుస్తకం ఉంటే ఆయా సెక్షన్ల కింద వ్యాఖ్యానం చదవండి, కానీ కొత్త ఎడిషన్ ఐబీసీదా పాత చట్టందా చూసుకుని. చాట్‌బాట్‌ని అడిగి తెచ్చుకున్న కేసు పేర్లు మాత్రం తీర్పు తెరిచి చదవకుండా వకీలుకి ఇవ్వద్దు, లేని కేసుల్ని పుట్టించి చెప్పడం వాటికి అలవాటు.

వకీలు ఖర్చు భారం అనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. కేసు మీ నాన్నగారి పేరున కాబట్టి ఆదాయ పరిమితి చూస్తారు, ఎస్సీ ఎస్టీలకి, మహిళలకి ఆ పరిమితి లేదు. ఆ వ్యాపారి నలుగురి దగ్గర చేబదుళ్ళు కాకుండా జనం దగ్గర డిపాజిట్లు కట్టించుకుని ఉంటే అది వేరే కథ, దానికి 1999 నాటి ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, పోలీసు కేసు అవుతుంది, ఆస్తుల జప్తు కూడా. మీ ఉత్తరం చూస్తే అలా అనిపించలేదు.

చివరిగా కొడుకు పేరు మీద తెరిచిన కొట్టు. దివాలాదారుగా ప్రకటించాక డిశ్చార్జ్ అయ్యేలోపు ఆయన కొత్తగా సంపాదించింది కూడా రిసీవర్‌కే చెందుతుంది, 28వ సెక్షన్ నాలుగో భాగం. కొడుకు నిజంగా తన డబ్బుతో పెట్టుకున్న వ్యాపారమైతే మీకు దాని మీద హక్కు లేదు, తండ్రి అప్పుకి కొడుకుని పట్టుకోలేరు. తండ్రి డబ్బూ సరుకే పేరు మార్చుకుని అక్కడికి చేరిందని చూపించగలిగితేనే దాని మీదకి వెళ్ళొచ్చు, అది ఊరి మాటతో కుదరదు, కాగితం కావాలి. కొట్టు బోర్డు మీద జీఎస్టీ నంబర్ రాసి ఉండాలి, అది నోట్ చేసుకుని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉంది, ఏ తేదీన తీసుకున్నారు కనిపిస్తుంది. ఆ తేదీ ఐపీ వెయ్యడానికి కాస్త ముందుదై, పాత కొట్టు నంబర్ అదే నెలలో రద్దయి ఉంటే ఆ రెండు పేజీలూ ప్రింట్ తీసి మీ వకీలుకి ఇవ్వండి, విచారణ రోజు ఆయన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న అక్కడే దొరుకుతుంది.